రెండు జానల చోటు

పొయ్యి వెలిగించే ముందు గరిటమ్మ రోజూ వీధిలో వేసిన జావ బల్లని కొలిచేది. రాతి చర్చి గేటు దగ్గర మొదలుపెట్టి, బొటనవేలూ చిటికెనవేలూ బారజాపి, జాన తర్వాత జాన వేసుకుంటూ, వీధి పల్లానికి దిగే చోటు దాకా వంగి నడిచేది. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుందని ఎవరూ నోరెత్తేవారు కాదు. ఒకసారి ఎవడో కొత్తవాడు "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాడు. జావ కంటే ముందు తన వంశచరిత్ర మొత్తం ఆవిడ నోట విన్నాక మళ్ళీ అడగలేదు.

మనిషికి రెండు జానలు. పొద్దున బల్ల ఎంత పొడుగుంటే మధ్యాహ్నం అంతమంది వస్తారు. దాన్నిబట్టి ఆవిడ ఎసట్లో గింజలు పోసేది. ఇరవై రోజుల్లో బల్ల ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. ఆ వీధిలో ఇంకే పెద్దమనిషి గురించీ ఈ మాట అనడానికి లేదు.

ఆ శనివారం నూట ఎనభై నాలుగు జానలు వచ్చింది. అంతకుముందు రోజు నూట ఎనభై ఆరు.

ఎదురు షెడ్డులో వడ్రంగి నోట్లో మేకులు పెట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు. "ఎంతొచ్చింది?"

"ఒకరు తగ్గారు."

"పెద్దా, చిన్నా?"

"బల్లకి అవన్నీ తెలుస్తాయా? కాసేపాగు, బండివాళ్ళే చెప్తారు."

ఎసరు మరగకముందే శవాల బండి లాగే అన్నదమ్ములిద్దరూ వచ్చి, సబ్బుల వీధి మూలింటి దర్జీ జ్వరంతో పోయాడని చెప్పారు. వడ్రంగి తలూపి, గోడకి ఆనించిన చెక్కల్లోంచి ఒక జత లాగాడు. కొలత ముందే కోసి ఉంది. నది ఊళ్ళోకి వచ్చాక శవపేటికలు చేయడానికి రెండు చేతులూ చాలక వాడొక పద్ధతి పెట్టుకున్నాడు. జావకి వచ్చిన జనాన్ని గమనించేవాడు. ఎవరి కళ్ళు లోపలికి పోయాయో, ఎవరి మెడ నరాలు తేలాయో చూసుకుని, చెక్కలు ముందే కోసి, సుద్దముక్కతో పొడుగు రాసి నిలబెట్టేవాడు. ఎవరికోసమో చెప్పేవాడు కాదు. వాడి కన్ను తప్పిన రోజు లేదు.

"ఆ చివరివి ఎవరికి?" అంది గరిటమ్మ. ఐదడుగులని రాసిన ఆ జత మూడు రోజులుగా అక్కడే ఉంది.

"ఎవరికో."

"ఎవరికోనా? కొలత కల్లోకొచ్చి చెప్పిందా?"

"నీ ఎసరు పొంగుతోంది, చూసుకోవమ్మా," అని వాడు తల తిప్పేసుకున్నాడు. తిప్పుకునే ముందు ఆవిడ ముంజేతి వంక ఒక్కసారి చూశాడు. నెల కిందట చేతిని పట్టి ఉన్న గాజు ఇప్పుడు గరిట ఎత్తితే మోచేతి దాకా జారుతోంది.

ఆ వీధి ఊళ్ళో అన్నిటికంటే మిట్ట. అందుకే మూడు చర్చిలూ అక్కడే కట్టుకున్నారు, దేవుడికి దగ్గరగా ఉంటుందని కాబోలు. రాతి చర్చిలో పసిపిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చల్లి పేరు పెడతారు. రేకుల చర్చి వాళ్ళకి ఆ చుక్కలు చాలవు, వయసొచ్చాక నిండా ముంచితేనే బాప్తిస్మం. గంటల చర్చిలో ఫాదరు ఉంటాడు, కొవ్వొత్తులుంటాయి, విగ్రహాలుంటాయి. మిగతా ఇద్దరూ వాళ్ళని లెక్కలోకే తీసుకోరు, వాళ్ళు ఈ ఇద్దరినీ తీసుకోరు. ముగ్గురికీ దేవుడొకడే. ఒకరి ప్రభువు బల్ల దగ్గర ఇంకొకరు రొట్టె ముట్టరు. ఐక్యత మీద నూరేళ్ళుగా మూడు చోట్లా మంచి మంచి ప్రసంగాలు నడుస్తున్నాయి.

నది వచ్చినప్పుడు మునిగిన పేటల జనమంతా మిట్టకెక్కారు. మూడు చర్చిలూ తలుపులు తీశాయి. తీసి, గేటు దగ్గర తలొక మనిషిని కూర్చోబెట్టాయి. రాతి చర్చి గేటు దగ్గర సంఘపెద్ద ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు.

"మీది ఏ సంఘం?"

అదే మొదటి ప్రశ్న. నీళ్ళోడుతున్న మనిషిని అడిగే మొదటి ప్రశ్న.

మూడో రోజు ఒక మనిషి వచ్చాడు. రాతి చర్చి గేటు దగ్గర ఏదో అడిగాడు, రేకుల చర్చికి పొమ్మన్నారు. అక్కడ మునిగావా అని అడిగారు, నది ముంచింది కదయ్యా అన్నాడు, అది కాదన్నారు. గంటల చర్చి గేటుకి అప్పటికే తాళం వేశారు. వాడు తిరిగొచ్చి మూడు గేట్లకీ మధ్య రోడ్డు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగాడు. ఎవరి గేటుకి ఎన్ని అడుగుల దూరంలో ఒరిగాడో తర్వాత కొలిచి చూసుకున్న మహానుభావులు కూడా ఉన్నారు. ఎవరి పద్ధతిలో పూడ్చాలో తేలక మర్నాటి దాకా అక్కడే ఉంచారు.

గరిటమ్మ రాతి చర్చిలో ఊడ్చి, తుడిచి, పండక్కీ పెళ్ళికీ వండిపెట్టే మనిషి. నాలుగో రోజు పొద్దున చెత్త పారేయడానికి బయటికొచ్చి, వాడి మొహం మీద ఈగల్ని చూసింది. చెత్త అక్కడే పారేసి లోపలికి పోయింది. ముందు వరసలో సంఘపెద్ద కూర్చునే బెంచీ పట్టుకుని, రాతి నేల మీద కర్రుమని ఈడ్చుకుంటూ గేటు దాటించి రోడ్డు మీద వేసింది. "ఇది బల్ల," అంది. "ఇక్కడ వండుతా. ఏ సంఘమని అడిగినవాడి నోట్లో ఇదే గరిట పెడతా."

ముసలి ఫాదరు బయటికొచ్చి చూశాడు. లోపలికెళ్ళి తన చర్చి బెంచీలు పంపించాడు. ఆయన పంపాక రేకుల చర్చి పాస్టరు ఊరుకుంటే బాగుండదని పంపాడు. వడ్రంగి అన్నిటినీ ఎత్తు సరిచేసి ఒకదానికొకటి అతికాడు. ప్రహరీ గోడ పక్కన వేశారు, ఒక పక్క గోడ, ఒక పక్క జనం. ఇటుకల మీదా డబ్బాల మీదా కూర్చునేవారు. గింజలు రాతి చర్చివి, కట్టెలు గంటల చర్చివి, ఉప్పూ పప్పూ రేకుల చర్చివి, గుండిగలో పడేలా చూడ్డం కూడా వాళ్ళ వంతే. మూడు సంఘాల పేర్లతో బేనరు కడదామని తెల్లగుడ్డ తెచ్చి, ఎవరి పేరు పైన రాయాలో తెగక, చివరికి ఆ గుడ్డనే రోడ్డు మీది మనిషికి కప్పి పూడ్చారు. ముగ్గురూ ప్రార్థన చేశారు, తలా ఒకటి.

ఏడో రోజు పొద్దున్నకి బల్ల నాలుగు మూరలు పెరిగి ఉంది.

"తడికి చెక్క ఉబ్బుతుంది," అన్నాడు వడ్రంగి.

అందరూ అంతేనన్నారు. ఆ మధ్యాహ్నం పెరిగినంత మేరా కొత్త జనం కూర్చున్నారు. ఆ తర్వాత నీళ్ళు తీశాయి, ఎండలు కాశాయి, చెక్క ఉబ్బుతూ తగ్గుతూనే ఉంది. ఆకలి మీదున్నవాళ్ళు చెక్క గుణాల గురించి చర్చలు పెట్టరు.

తేడా ఒక్కటే. రోజూ ఒక చోటు మిగిలేది. పొయ్యి పక్కన, బల్ల చివర, సరిగ్గా రెండు జానలు. ఎంతమంది వచ్చినా, ఎంతమంది పోయినా, అది అలాగే ఉండేది. గరిటమ్మ అక్కడ పళ్ళెం పెట్టి జావ పోసి, ఇంకో పళ్ళెం బోర్లించేది. పొద్దుగూకే దాకా ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. తర్వాత బండి అన్నదమ్ములకిచ్చేది. తను మాత్రం నిలబడే ఉండేది. అందరూ లేచాక గుండిగ అడుగున అంటింది గోకి, రుచి తెలియనన్ని నీళ్ళు కలుపుకుని నాలుగు గుక్కలు తాగేది.

"ఎవరికమ్మా ఆ పళ్ళెం?" అని ఫాదరు ఒకసారి అడిగాడు.

"బల్ల చెప్పింది, పెట్టాను. రాకపోతే వాళ్ళ ఖర్మ," అంది.

ఎవరికో ఆవిడకి తెలుసు. తెలుసనే అనుకుంది.

చెల్లి ఉన్ని గిడ్డంగిలో ఉన్ని ఏరేది. గిడ్డంగి పల్లంలో, నదికి ఆనుకుని. పెళ్ళితో రేకుల చర్చిలో చేరి, నిండా మునిగి, అమ్మని కూడా తీసుకుపోయి డెబ్భయ్యో ఏట ముంచింది. ఆ కబురు తెలిసినప్పుడు గరిటమ్మకి ఒళ్ళు తెలియలేదు. తన అమ్మ చిన్నప్పుడు పొందిన నాలుగు చుక్కలూ దండగేనా? ఆ కోపంలో సంఘపెద్ద దగ్గరకెళ్ళి, "మా అమ్మ మునిగింది, రిజిస్టర్లో పేరు కొట్టెయ్యండి," అని తన నోటితో తనే చెప్పింది. ఆయన స్కేలు పెట్టి నీటుగా కొట్టేశాడు.

ఐదేళ్ళకి అమ్మ పోయింది. నాన్న పక్కన పూడ్చమంటే, పేరు లేని మనిషికి సమాధుల తోటలో చోటు లేదన్నాడు సంఘపెద్ద. రేకుల చర్చికి తోటే లేదు. శవం చెల్లి ఇంటి ముందు గదిలో రెండు రోజులుంది. ఆ తల పక్కన నిలబడి అక్కచెల్లెళ్ళిద్దరూ రెండు రోజులూ ఒకళ్ళనొకళ్ళు పీక్కుతిన్నారు. చివరికి మునిసిపాలిటీ బండి వచ్చి దిక్కులేనివాళ్ళ దిబ్బలో పూడ్చిపోయింది. పేరు కొట్టించింది తనేనని గరిటమ్మ ఆ రోజు చెప్పలేదు. చెప్పాల్సిన మాట బదులు వేరే మాట వచ్చింది.

"ఇక జన్మలో నీతో ఒక బల్ల దగ్గర కూర్చుని తినను. తింటే నేను అమ్మ కూతుర్ని కాదు."

"నువ్వు తినకపోతే నాకేం అరగదా?" అంది చెల్లి.

పన్నెండేళ్ళయింది. గరిటమ్మ అన్నట్టే ఉంది. ఇప్పుడు కూడా కూర్చోదు, చెల్లి చోటు ఆ బల్లకే ఉంది కాబట్టి. కానీ పొద్దున్నే జాన వేసుకుంటూ చివరికొచ్చాక ఆ చోటుని ఇంకోసారి కొలిచేది. ఆ రెండు జానలూ ఉన్నాయంటే చెల్లి ఉన్నట్టే. ఎక్కడో పంతం పట్టి కూర్చుంది, మొండిఘటం. వస్తుంది. రేపొస్తుంది.

ఆ శనివారం మధ్యాహ్నం తొంభై ఒక్క మంది కూర్చున్నారు. మామూలుగానే ముగ్గురు పెద్దలూ మూడు ప్రార్థనలు మొదలుపెట్టారు. రాతి చర్చి అయ్యగారిది పొడుగు, ఫాదరుది పొట్టి, పాస్టరుది గట్టిది. పాస్టరు ఎర్రసముద్రం దాటేలోపు గరిటమ్మ గుండిగ మీద గరిటతో ఠంగుమని కొట్టింది. "ఆమేన్. జావ చల్లారుతోంది. మిగతాది ఆయనకి తెలుసులెండి."

జనం తిని లేస్తుండగా సంఘపెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. ఊరంతా గరిటమ్మ అన్నా ఆయన ఒక్కడే ఆవిడని రిజిస్టర్లో ఉన్న పేరుతో పిలుస్తాడు. అడ్డపేర్లు ఆయనకి గిట్టవు.

"చూడమ్మా, నీళ్ళు తీసి పదిహేను రోజులు దాటింది. రేపటి ఆరాధనకి ఎవరి బెంచీలు వాళ్ళు తీసుకుపోవాలని కమిటీ అనుకుంది. పొద్దున్నే వడ్రంగి కోసేస్తాడు."

"మరి వీళ్ళు?"

"ఎవరి సంఘస్తుల్ని వాళ్ళు చూసుకుంటారు. ముందు అలాగే ఉండేది కదా."

"ముందు ఎలా ఉండేదో రోడ్డు మీద చూశాం కదయ్యా. ఈగలు కూడా చూశాయి."

"నువ్వు నోరు కొంచెం..."

"ఏ సంఘానికీ చెందనివాళ్ళు ఏం తింటారు? మీ రిజిస్టరా?"

అయ్యగారు నేల చూశాడు. పాస్టరు ఆకాశం చూశాడు. ఫాదరు ఏదో అనబోయి దగ్గాడు. నిర్ణయమంటే ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా జరిగేదే.

గరిటమ్మకి జనం సంగతి తర్వాత గుర్తొచ్చింది. ముందు భయపడ్డది వేరే దానికి. బల్ల లేకపోతే రేపట్నుంచి చెల్లి ఉందో లేదో చెప్పేదెవరు? షెడ్డులో ఐదడుగుల చెక్కలు. చెల్లిదీ అదే పొడుగు. అక్కచెల్లెళ్ళిద్దరికీ అమ్మ ఎత్తే వచ్చింది.

మూత పెట్టిన పళ్ళెం తీసి గుడ్డలో మూట కట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు వడ్రంగి.

"ఈ మహారాణిగారు రాకపోతే మనమే మోసుకెళ్ళాలి కదా."

"పల్లానికా? ఆ బురదలో? నిలబడడానికే నీకు ఓపిక లేదు, ముందు నువ్వా జావ తాగి..."

"నీ పని చెక్కతో. నాతో కాదు," అని పల్లంలోకి దిగింది.

గోడల మీద నీళ్ళు నిలిచిన గీత ముందు మోకాలి ఎత్తున ఉంది, తర్వాత నడుము, తర్వాత తల మీద. తలుపులు ఉబ్బి మూసుకోవడం మానేశాయి. ఒక ఇంటి కప్పు మీద కుర్చీ ఉంది, దాని మీద గొడుగు. కూర్చున్న మనిషి లేడు. రెండుసార్లు కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడింది. రెండుసార్లూ పళ్ళెం మాత్రం ఒంచలేదు.

గిడ్డంగి కింది అంతస్తు నిండా బురద. పైకి మెట్లున్నాయి. పైన ఉన్ని మూటల మధ్య జనం పడుకుని ఉన్నారు. గోడకి చేరబడిన కాపలా ముసలాయన తల ఎత్తాడు.

"ఎవరు?"

"మిట్ట మీంచొచ్చా. మా చెల్లి ఇక్కడ ఉన్ని ఏరేది. రేకుల చర్చి..."

"గరిటమ్మవా?"

"నీకెలా తెలుసు?"

"చేతిలో పళ్ళెం, మొహంలో విసుగు. ఆవిడ చెప్పినట్టే ఉన్నావు."

"ఏదీ? ఎక్కడ దాక్కుంది? ఇన్ని రోజులుగా జావ చల్లారబెట్టుకుని కూర్చున్నా. లేవమను."

ముసలాయన తన పక్కనున్న ఉన్ని మూటని చేత్తో దులిపి, కూర్చోమన్నట్టు చూపించాడు. గరిటమ్మ కూర్చోలేదు.

"నీళ్ళొచ్చిన ఐదో రోజు పోయిందమ్మా," అన్నాడు. "మమ్మల్నందర్నీ పైకి ఎక్కించింది. నీళ్ళలో దిగి దిగి జ్వరం తెచ్చుకుంది. రెండ్రోజుల్లో అయిపోయింది."

గరిటమ్మ వేళ్ళు మడిచింది. ఐదో రోజు. బల్ల పెరగడం మొదలైంది ఏడో రోజు. ఆ చోటు కనపడింది ఏడో రోజు. ఇంకోసారి మడిచింది. ఎన్నిసార్లు మడిచినా ఐదు ఏడుకి ముందే వచ్చింది.

"పూడ్చారా?"

"నీళ్ళు తీసేదాకా నేల ఎక్కడుందమ్మా? ఉన్నిలో చుట్టి ఆరు రోజులు పైకప్పు మీద ఉంచాం. తర్వాత వెనకాల పూడ్చాం."

"ఎవరి పద్ధతిలో?" అలవాటుగా వచ్చేసింది ఆ మాట. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"పద్ధతేముంది? మాలో రేకులవాళ్ళు ఇద్దరు, గంటలవాళ్ళు ముగ్గురు, మీ రాతివాళ్ళు ఒకరు. మిగతా ఐదుగురం ఏదీ కాదు. ఎవరికి వచ్చింది వాళ్ళం చెప్పాం. రానివాళ్ళం ఏడ్చాం."

"ఇన్ని రోజులు ఏం తిన్నారు?"

"గుర్రాల దాణా. మొన్నటితో అయిపోయింది."

"మిట్టకి రావచ్చు కదయ్యా! బల్ల వేశాం, వండుతున్నాం, ఊరంతా తింటోంది. కాళ్ళు పడిపోయాయా?"

ముసలాయన చేయెత్తి ఆవిడని ఆపాడు. "మూడో రోజే మీ చెల్లి ఒకణ్ణి పంపింది. పైకెళ్ళి గరిటమ్మ అని అడుగు, అంది. 'మా అక్క తిడుతుంది, తిట్టనీ. తిట్టడం అయ్యాక పెడుతుంది,' అంది. వాడు తిరిగి రాలేదు. మర్నాడు ఇంకొకడు వెళ్ళి, వీధి మొదట్లోంచే చూసి వచ్చేశాడు. మూడు గేట్ల మధ్య రోడ్డు మీద పడి ఉన్నాడట మావాడు. ఆ తర్వాత ఇంకెవరం కదల్లేదు."

గరిటమ్మ అప్పుడు కూర్చుంది. 

పళ్ళెం మూట విప్పింది. పదకొండు మంది. మనిషికి రెండేసి చెంచాలు వచ్చింది. ఎవరి నోటికి వాళ్ళకి తనే పెట్టింది. అంతసేపూ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

"రేపు రండి," అంది లేస్తూ. "అందరూ. నడవలేనివాళ్ళని మోయండి."

"మళ్ళీ గేటు దగ్గర అడిగితే?"

"అడిగేవాణ్ణి నేను చూసుకుంటా."

వెనకాల ఉన్ని పీచులు అంటిన మట్టి మీద కాసేపు నిలబడింది. కొట్టించింది నేనేనే, అంది. అమ్మ పేరు కొట్టించింది నేనే. పన్నెండేళ్ళ నాటి మాట. వినాల్సిన మనిషికి అది మట్టి కిందే చేరింది.

ఆదివారం పొద్దున గరిటమ్మకి బల్ల కొలవబుద్ధి కాలేదు. చెల్లి చోటు కానప్పుడు ఎంత పొడుగుంటే ఏం? కానీ పదకొండు మందిని రమ్మంది. ఎసరెంత పెట్టాలో తెలియాలి. వంగింది. జాన వేసింది.

రెండు వందల ఆరు.

మళ్ళీ వేసింది. రెండు వందల ఆరే. నూట మూడు చోట్లు. తొంభై ఒకటీ పదకొండూ నూట రెండు. పొయ్యి పక్కన రెండు జానలు, నిన్నటిలాగే, ఎప్పటిలాగే.

ఆ చోటు వంక చూస్తూ ఉండగానే పెద్దలొచ్చారు. వెనకాల రంపంతో వడ్రంగి. ముందు సంఘపెద్ద.

"పక్కకి జరగమ్మా."

"ఒక్కటి అడుగుతా, చెప్పి కోయించండి," అంది. గొంతు పెద్దది చేయలేదు. అదే అందర్నీ భయపెట్టింది. "మూడో రోజు గేటు దగ్గరికి వచ్చిన మనిషి, రోడ్డు మీద పోయినవాడు. మిమ్మల్ని ఏమడిగాడు?"

సంఘపెద్ద కళ్ళజోడు సర్దుకున్నాడు. "గరిటమ్మ కావాలన్నాడు."

"మీరేమన్నారు?"

"ఆ పేరుతో మా రిజిస్టర్లో ఎవరూ లేరన్నాను."

"గరిటమ్మంటే నేనని మీకు తెలియదా?"

"తెలుసు," అన్నాడాయన. దాచుకోవాల్సిన మాట అని కూడా ఆయనకి తోచలేదు. "కానీ రాసి ఉన్నదే చెప్పాలి కదమ్మా. రేపు ఎవడో వచ్చి ఇంకో పేరు చెప్తాడు."

 గరిటమ్మ ఆయన రిజిస్టరు మీదికి గరిట ఎత్తి, దించేసింది.  ఈ రిజిస్టరుకి పేర్లు కొట్టడం తనే నేర్పింది. ఇప్పుడు దాన్ని ఏమని తిట్టాలి?

"కోయి," అన్నాడు సంఘపెద్ద వడ్రంగితో.

వడ్రంగి వంగి బల్ల మీద అరచెయ్యి ఆనించి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. తిరిగొచ్చాడు. "ఎక్కడ కోయమంటారు?"

"అతికినచోట."

"అదే అడుగుతున్నా. అతుకులు కనపడట్లేదు. మీ చెక్క ఎక్కడ అయిపోయిందో ఫాదరుగారి చెక్క ఎక్కడ మొదలైందో మీరే చూపించండి, కోసిపెడతా. మీ బెంచీలో ఆయనది జానెడు వచ్చిందని రేపు నా మీద పడకూడదు మరి."

ముగ్గురూ వంగి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. ఒకటే రేఖ, ఒకటే రంగు. ఎవరిది ఎంతో తెలియకుండా కోయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పక్కవాడికి ఒక అంగుళం ఎక్కువ పోతుందేమో! ఆ ఆదివారం మూడు చర్చిల్లోనూ జనం నేల మీద కూర్చున్నారు.

మధ్యాహ్నం పల్లంలోంచి పదకొండు మంది ఎక్కి వచ్చారు. తొమ్మిది మంది నడిచి, ఇద్దరు ఉన్ని గోతాల్లో వేలాడుతూ. గేటు దగ్గర సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. గరిటమ్మ గరిటతో వెళ్ళి ఆయన ముందు నిలబడింది. అంతే, నిలబడింది. ఆయన కూర్చున్నాడు.

అందరూ సర్దుకున్నారు. నూట రెండు. పొయ్యి పక్కన ఖాళీ.

"ఆ చోటెవరిదమ్మా?" అన్నాడు కాపలా ముసలాయన.

"తెలియదు," అంది గరిటమ్మ. ఆ మాట ఆవిడ నోట ఆ వీధి అప్పటిదాకా వినలేదు.

వడ్రంగి నోట్లోంచి మేకులు తీశాడు. "బల్ల నూట మూడంటోంది. వచ్చింది నూట రెండు. ఈ పెద్దలు ఇళ్ళల్లో తింటారు, నేను మా ఇంట్లో తింటా. రోజూ ఇక్కడే ఉండి కూర్చోనిది ఎవరో నీకు లెక్కకి అందట్లేదా?"

గరిటమ్మ గరిట వంక చూసింది.

"ఊరందర్నీ వేలు పెట్టి లెక్కేశావు. నిన్నెప్పుడైనా వేసుకున్నావా?"

"నేను కూర్చోను. ఒట్టుంది."

"ఎవరితో కూర్చోనన్నావో ఆవిడ ఉందా?"

అనకూడని మాటే. కానీ ఎవరో ఒకరు అనాలి. ముసలాయన వణుకుతూ లేచి, ఆవిడ చేతిలో గరిట లాక్కుని, పళ్ళెం నింపి ఆ చోట పెట్టాడు. "కూర్చో," అన్నాడు. "తిట్టుకుంటూ తిను."

ఆవిడ కూర్చుంది. రెండు జానలు సరిగ్గా సరిపోయాయి. ఈ మధ్య కొంచెం వదులు కూడా. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మింగలేదు.

"ఉప్పేదీ?"

నూట రెండు మందీ పళ్ళేల్లోకి చూసుకున్నారు.

"ఉప్పేదంటే? పాస్టరుగారూ, మీ వంతు కదా!"

"మొదటి రోజే పంపామమ్మా, ఫాదరుగారి స్టోరుకి."

"అది మాకే ఇచ్చారేమో అనుకుని..." అన్నాడు ఫాదరు చాలా మెల్లిగా.

"అంటే ఇన్నాళ్ళూ చప్పిడి జావ తాగారా మీరంతా? ఒక్కరికీ నోరు పెగల్లేదా?"

"చెప్పి బతకాలి కదమ్మా," అన్నాడు బండి లాగే పెద్దాడు.

మొదట ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత బల్ల పొడుగునా నవ్వు పాకింది. నెల రోజులుగా నవ్వని మొహాలు కాబట్టి చూడ్డానికి ఏడుపులాగే ఉంది. గరిటమ్మ నవ్వలేదు. తల వంచుకుని, ఆ చప్పిడి జావ, పళ్ళెం అడుగు కనపడే దాకా తింది. తిని, పళ్ళెం ముందుకి తోసి, "ఇంకొంచెం పోయి," అంది.

వడ్రంగి షెడ్డులోకి వెళ్ళాడు. ఐదడుగుల చెక్కల జత గోడ మీంచి తీసి, ఎండలో పట్టుకుని, సుద్ద రాతని బొటనవేలితో తుడిచేశాడు. కింద రెండు పెట్టెలు పెట్టి పైన మేకులు కొట్టాడు. ఇటుకల మీద కూర్చోలేని గిడ్డంగివాళ్ళకి బెంచీ కావాలి. ఐదడుగులంటే ముగ్గురు కూర్చోవచ్చు. ఇంకా కొంచెం మిగులుతుంది.